టై బండి అద్దం

పొద్దున బండి కదలకముందే బార్బరమ్మకి బోలెడు పని ఉండేది. కత్తిని తోలుపట్టీ మీద నూరుకోవాలి. వేడినీళ్ల పాత్రకి మూత బిగించాలి. పటిక ముక్కని తడిగుడ్డలో చుట్టాలి, తెల్ల తువ్వాళ్లు అందేచోట పేర్చాలి. అన్నీ అయ్యాక చిట్టచివర అద్దం మీద కప్పిన గుడ్డ తీసేది. తీసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకునేది, మరుగుతున్న గిన్నె మీద మూత తీసేవాళ్లు ఆవిరి కొట్టకుండా తిప్పుకున్నట్టు.

ఆ బండికి కంపెనీవాళ్లు పెట్టిన పేరు పొడుగ్గా, గొప్పగా ఉండేది. అది టికెట్టు మీదే ఉండిపోయింది, ఎవరి నోటా పలకలేదు. జనం దాన్ని టై బండి అన్నారు. మెడకి టై లేని మగవాడు అందులో కనపడడు మరి. అంతకుముందు వ్యాపారం పని మీద నగరానికి వెళ్లినవాడు ఒక రాత్రి అక్కడ పడుకుని రావాల్సిందే. పొద్దున వెళ్లి, బేరం కుదుర్చుకుని, భోజనం వేళకి ఇంట్లో ఉండొచ్చని ఈ బండి వేశారు. మొగుళ్లు రాత్రికి ఇంటికొచ్చేస్తున్నారని కొందరు ఆడవాళ్లు సంతోషించారు. కొందరు అందుకే ఏడ్చారు.

అన్నీ మొదటి తరగతి పెట్టెలే. అడుగు చప్పుడు వినపడని తివాచీలు, తల ఆనించేచోట రోజూ మార్చే తెల్లగుడ్డ, భోజనాల పెట్టెలో గంజి పెట్టిన బల్లగుడ్డలు. మామూలు బండ్లు పక్క పట్టాల మీదికి ఒదిగి దీనికి దారిచ్చేవి, పెళ్లివారి కారుకి సైకిలువాడు తప్పుకున్నట్టు. బండి నడిమధ్య రెండు చిన్న గదులుండేవి. ఒకటి టైపు గది. షావుకార్లు నోటితో చెప్పిన ఉత్తరం వాళ్లు దిగేలోపు కాయితం మీదికి వచ్చేసేది. దాని పక్కది క్షవరం గది. పరిగెత్తే బండిలో గొంతు మీద కత్తి పెట్టించుకోడానికి డబ్బిచ్చేవాళ్లు కూడా ఉంటారా అని అడిగేవాళ్లు డబ్బున్నవాళ్లని దగ్గరగా చూసి ఉండరు.

క్షవరం గదిలో అద్దానిది ఒక గుణం. పొద్దున ఆ కుర్చీలో కూర్చున్నవాడికి అది సాయంత్రం మొహం చూపిస్తుంది. తిరుగు బండిలో అదే కుర్చీలో కూర్చుంటే ఎలా ఉంటాడో, అచ్చం అలా. వెనక దీపం వెలిగి ఉంటుంది, కిటికీ నల్లగా ఉంటుంది. కొత్తలో కంపెనీకి ఎవరో ఫిర్యాదు రాశారట, క్షవరం నున్నగా వచ్చిందో లేదో తెలియడం లేదని. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు. అద్దంలో నవ్వుతున్న మొహం కనపడినవాడు నగరంలో దిగి ధర ఇంకో మెట్టు పెంచేవాడు. వేలాడుతున్న మొహం కనపడినవాడు అక్కణ్నుంచి నేరుగా భోజనాల పెట్టెకి వెళ్లి పొద్దున్నే గ్లాసు పట్టుకునేవాడు. పట్టుకున్నాక ఆ మొహం రాక ఏమవుతుంది?

అసలు భయం మొహం గురించి కాదు. ఒక్కోసారి, ఎన్నాళ్లకో ఒకసారి, కూర్చున్న మనిషి కూర్చునే ఉన్నా అద్దంలో ఎవరూ ఉండరు. వెలుగుతున్న దీపం, నల్ల కిటికీ, మనిషి లేని తోలుకుర్చీ. అంతే. అలా చూసినవాళ్లలో విత్తనాల షావుకారు నగరంలో మెట్లమీంచి జారిపడి ప్రాణం వదిలాడు. జవుళీ కొట్టు పెద్దాయన విందు బల్ల దగ్గర తల వాల్చేశాడు. అప్పట్నుంచి టై బండిలో 'ఖాళీ' అనే మాట నోటితో అనరు. టికెట్ల ఆయన కూడా "ఆ సీటు ఎదురుచూస్తోందండీ, కూర్చోండి" అనేవాడు. కప్పులో కాఫీ అయిపోతే కప్పు ఎదురుచూస్తోంది అనేవాళ్లు. కొత్తగా ఎక్కినవాళ్లకి ఇది మర్యాదలా వినపడేది.

బీమా ఏజెంటు ఒకడు కూడా అద్దంలో కనపడకుండా పోయాడు. అందరూ కట్టగట్టుకుని వెళ్లి వాళ్లావిడని ఓదార్చి వచ్చారు. నెల తిరక్కుండా తెలిసింది, వాడు నగరంలో ఇంకో ఆవిడతో కాపురం పెట్టి, నిక్షేపంలా ఒళ్లు చేశాడని. బతికినవాణ్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. భయం లెక్కలు అలాగే ఉంటాయి. భయం చచ్చినవాళ్లనే కూడుతుంది.

బార్బరమ్మ మొగుడే ఆ గదికి మొదటి బార్బరు. ఆవిడ అప్పట్లో అదే బండిలో తువ్వాళ్లు ఉతికేది. ఒకరోజు పొద్దున ఆయన ఆ కుర్చీలో కూర్చుని తన గడ్డం తను గీసుకుని బయటికొచ్చి, కత్తి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఇలా పట్టుకో. బొటనవేలు ఇక్కడ. వంతెన రాకముందే కత్తి పైకెత్తాలి, వచ్చాక కాదు."

"నాకెందుకండీ ఇదంతా? మీ గడ్డం గియ్యమంటారా?"

"ఊరికే. చేతికి అలవాటు ఉంటే మంచిది."

మధ్యాహ్నం నగరంలో రోడ్డు దాటుతూ దాటుతూ గుండె పట్టుకుని కూలిపోయాడు. పిల్ల అప్పటికి బడికి వెళ్తోంది. ఆవిడ కత్తి పట్టుకుంది. ఆడదాని చేత గడ్డమా అని మీసాలు దువ్విన షావుకార్లే తరవాత ఆవిడ చెయ్యి తేలికని వరస కట్టారు. వంతెన రాకముందు పైకెత్తడం ఆవిడ ఏనాడూ మరచిపోలేదు. నగరాన్ని మాత్రం క్షమించలేదు. "నా మొగుణ్ని మింగి మూతి తుడుచుకున్న ఊరు" అనేది. పగలంతా స్టేషన్ విశ్రాంతి గదిలోనే తువ్వాళ్లు ఆరేసుకుంటూ కూర్చుని, సాయంత్రం బండి ఎక్కేసేది. పిల్ల పెద్దదై పక్కనున్న టైపు గదిలో చేరాక ఆవిడ పెట్టిన షరతులు రెండే. ఆ ఊళ్లో రాత్రి ఉండకూడదు. ఈ కుర్చీలో కూర్చోకూడదు.

ఇంతలో టై బండికి రోజులు దగ్గరపడ్డాయి. విమానాలు వచ్చి పెద్ద టైలన్నిటినీ ఆకాశంలోకి ఎత్తుకుపోయాయి. కంపెనీవాళ్లు బండి తోకకి రెండో తరగతి పెట్టెలు తగిలించారు. తివాచీలు పీకేశారు. భోజనాల పెట్టె పోయి తోపుడుబండి వచ్చింది, దాని మీద కాగితం కప్పులు. షావుకార్లు ఉత్తరాలు వాళ్లే మీటలు నొక్కి రాసుకోవడం మొదలెట్టారు, తప్పులతో సహా. నెలాఖరుకి టైపు గది మూసేస్తామని కబురొచ్చింది. క్షవరం గది ఉంటుందో ఊడుతుందో చెప్పలేదు.

ఆ నెలలోనే ఒకరోజు పొద్దున పిల్ల బుగ్గ మీద సిరా మరకతో వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"అమ్మా, మొహాన ఏమైనా అంటిందా?"

"అంటకపోతే అది నీ మొహమే కాదు. ముందా కళ్లజోడు తియ్యి."

పిల్ల కళ్లజోడు తీసింది. కళ్లజోడు లేకపోతే దానికి ఏనుగుకీ ఎలుకకీ తేడా తెలీదు. ఆవిడ తువ్వాలు తడిపి ఒక అడుగు వేసిందో లేదో, సిగ్నల్ పడిందేమో, డ్రైవరు గట్టిగా బ్రేకు నొక్కాడు. పిల్ల తూలి, సరాసరి కుర్చీలో పడింది.

"లే! లేవే!"

"అబ్బ, పడిందాన్ని తిడతావేంటి? తుడిచెయ్యి, లేస్తా." పిల్ల కళ్లు మూసుకుని బుగ్గ చూపించింది.

తడి తువ్వాలు బుగ్గకి ఆనించాక ఆవిడ కళ్లు అలవాటు కొద్దీ అద్దం మీదికి వెళ్లాయి. దీపం. నల్ల కిటికీ. తోలుకుర్చీ, దాని వీపు మీద ఇన్నేళ్ల తలలు అరగదీసిన గుంట. పిల్ల లేదు.

"ఏంటమ్మా, చెయ్యి అలా వణుకుతోంది?"

"బండి ఊగుతోంది."

"బండి ఆగి ఉందమ్మా."

పిల్ల లేచి, కళ్లజోడు పెట్టుకుని, ఏదో పాట కూనిరాగం తీస్తూ వెళ్లిపోయింది. దాని భుజానికి రోజూ ఉండేదానికన్నా పెద్ద సంచి ఉందని ఆవిడ చూసింది గాని, చూసిన సంగతి బుర్రకి ఎక్కలేదు. నిలబడలేక తనే ఆ కుర్చీలో చతికిలబడింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ కూర్చోలేదు. నిలబడి గీసేవాళ్లకి అద్దం వాళ్ల మొహం చూపించదు, ఆ సుఖం పోగొట్టుకోవడం ఎందుకని.

అద్దంలో ఆవిడే ఉంది. కళ్లు రెండూ ఉబ్బి, ఎర్రగా, ఏడ్చి ఏడ్చి పీక్కుపోయిన మొహం. పెదవి మూల తెల్లగా ఏదో పొడి. వంగి చూసింది. పంచదార పొడి. మొగుడు పోయినరోజు నుంచి ఆవిడ తీపి ముట్టలేదు. ఎవరూ వద్దనలేదు, ఆవిడకే సయించలేదు. ఆ పొడి ఎలా వచ్చిందా అని ఆలోచించే ఓపిక లేకపోయింది. ఆ కళ్లు చాలు.

గార్డు కనపడితే వెళ్లి చెయ్యి పట్టుకుంది. బండి పుట్టినప్పట్నుంచి ఉన్నవాడు, ఆవిడ మొగుడికి స్నేహితుడు.

"అన్నయ్యా, ఎవరినైనా మధ్యలో దింపెయ్యాలంటే కుదురుతుందా?"

"ఇది మధ్యలో ఆగితే మామూలు బండి అయిపోదూ? సిగ్నల్ దగ్గర దిగితే కంకర్రాళ్లే గతి." నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. గొంతు తగ్గించాడు. "చెల్లెమ్మా. ఎవరి కుర్చీ ఎదురుచూస్తోంది?"

ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఓదార్పు మాట ఒక్కటి చెప్పినా బాగుండేది. ఆ టోపీ తియ్యడంతో ఆవిడకి సగం ప్రాణం పోయింది.

నగరంలో దిగగానే పిల్ల మణికట్టు పట్టుకుంది. "ఇవాళ నీతో వస్తా. ఎటు వెళ్తే అటు."

"నువ్వా? ఊళ్లోకా?" పిల్ల నోరు తెరిచింది. "తువ్వాళ్లో?"

"తువ్వాళ్లు ఆరకపోతే చావవు."

బయటికొచ్చాక ఆవిడకి కనపడిందల్లా పిల్లని చంపేదే. ట్రాము వంపు తిరుగుతూ కీచుమంటే పిల్లని గోడకి లాగింది. గోడ పక్కన కట్టెలు కట్టి రంగులేస్తున్నారని అక్కణ్నుంచి ఈడ్చింది. కడిగిన మెట్లు ఎక్కనివ్వలేదు. లిఫ్టు వద్దంది. కుక్క ఒకటి నడిరోడ్డు మీద ఆవలిస్తే కూడా పక్క వీధిలోకి తిప్పింది. నేల మీద మ్యాన్‌హోలు మూతలున్నాయని మొదటిసారి గమనించింది, ఒక్కోటీ చుట్టూ తిరిగి వెళ్లింది. పిల్ల మాటిమాటికీ గడియారం స్తంభం వైపు చూస్తోంది. ఆవిడకి ఆ ముళ్లు కూడా పిల్ల కోసమే తిరుగుతున్నట్టు ఉంది.

"అమ్మా, నా చెయ్యి విరిగేలా ఉంది."

"విరిగితే కట్టు కడతారు. నోరు మూసుకుని నడు."

పార్కులో చెట్టు లేనిచోట, కొమ్మలు విరిగిపడే భయం లేనిచోట, ఒక బెంచీ వెతికి కూర్చోబెట్టింది. పిల్ల తోపుడుబండివాడి దగ్గర పంచదార పొడి చల్లిన బన్ను కొని తుంచి ఇచ్చింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. పిల్ల ఆ ముక్క తిరిగి పొట్లంలో పెట్టేసింది. తన ముక్కా తినలేదు. గడియారం వైపు చూసి, పెదవి కొరుక్కుని, ఒక్కసారిగా భళ్లున ఏడ్చింది.

"ఇవాళే అమ్మా! ఇవాళే చేరమన్నారు. సాయంత్రం ప్లాట్‌ఫారం మీద చెబుదామనుకున్నా. ముందే చెబితే నన్ను ఇంట్లో పెట్టి తాళం వేస్తావు."

"ఎవరు చేరమన్నారు? ఎక్కడ?"

"పుస్తకాలు అచ్చేసే కంపెనీలో. వాళ్ల పెద్దాయన ఉత్తరాలు టైపు చేసేటప్పుడు తప్పులు దిద్దుతూ ఉండేదాన్ని. నువ్వు ఒకరు చెబితే రాసుకునేదానిలా లేవు, చెప్పి రాయించేదానిలా ఉన్నావు, వచ్చెయ్యి అన్నాడు. గది కూడా చూసుకున్నా. ఇంకో ఇద్దరమ్మాయిలతో."

"ఆ బట్టతలాయనా? వాడి గడ్డం వారం వారం నేనే గీస్తాను కదే! గొంతు మీద నా కత్తి పెట్టుకుని కూడా ఒక్కమాట చెప్పలేదే!"

"గొంతు మీద నీ కత్తి ఉంది కాబట్టే చెప్పలేదమ్మా."

ఇంకోరోజైతే ఆవిడ నవ్వేది. ఇప్పుడు సంచి వైపు చూసింది. రెండు జతల బట్టలు, దువ్వెన, చెప్పుల జత. పొద్దున అద్దం చూపించింది ఇదేనా? బీమా ఏజెంటు గుర్తొచ్చాడు, ఒళ్లు చేసిన ఆ దౌర్భాగ్యుడు. ఇన్నేళ్లలో వాణ్ని తలుచుకుని దణ్ణం పెట్టాలనిపించడం అదే మొదటిసారి. గుండె కొంచెం కుదుటపడింది. అమ్మయ్య, బతికే ఉంటుందన్నమాట, ఊరికే ఇక్కడ ఉండిపోతుందన్నమాట.

అప్పుడు పిల్ల ముక్కు తుడుచుకుని అంది. "సరేలే. ఏడవకు. నువ్విలా అయిపోతావని అనుకోలేదు. నేను చేరను. సాయంత్రం నీతోనే బండెక్కేస్తా."

బార్బరమ్మ బెంచీ మీంచి లేచింది. పొద్దుట్నుంచి పడ్డ భయమంతా ఒక ఎత్తు, ఈ ఒక్కమాట ఒక ఎత్తు. అద్దం ఇంతవరకూ తప్పలేదు. సాయంత్రం ఆ కుర్చీలో ఈ పిల్ల ఉండదు, అంతవరకూ ఖాయం. ఇష్టపడి ఉండిపోతే సరేసరి. తను పట్టుకుని లాక్కెళ్లి బండెక్కిస్తానంటే? అప్పుడు అద్దం తన మాట ఎలా నిలబెట్టుకుంటుంది? మెట్లున్నాయి. ట్రాములున్నాయి. ప్లాట్‌ఫారానికీ బండికీ మధ్య సందు ఉంది. పొద్దుట్నుంచి పిల్లని చావు నుంచి లాగుతున్నాననుకుంది. లాగుతున్నది చావు వైపేనేమో.

"ఎక్కకు!" అని అరిచింది. పావురాలు లేచిపోయాయి. "బండి జోలికొచ్చావంటే కాళ్లు విరగ్గొడతా. పద, ఎక్కడ ఆ ఆఫీసు? నడు!"

పిల్ల తెల్లమొహం వేసింది. "నిజంగా అంటున్నావా అమ్మా?"

"నేనెప్పుడే సరదాకి మాట్లాడింది?"

పిల్ల తల్లిని వాటేసుకుని, ఇంత మంచిదానివని తెలీలేదమ్మా అంది. మంచితనం ఏమీ లేదని, నోరెండిపోయేంత భయమే ఉందని ఆవిడ చెప్పలేదు. పిల్లలు తప్పుగా అర్థం చేసుకునేవాటిలో కొన్నింటిని అలాగే వదిలెయ్యాలి. ఆఫీసు గుమ్మం దాకా మణికట్టు వదలకుండా తీసుకెళ్లింది. గుమ్మం దగ్గర వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. చివరి వేలు విప్పేసరికి చెమట పట్టింది.

సాయంత్రం పిల్ల ప్లాట్‌ఫారం మీదికి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆవిడ కిటికీలోంచే "సందు దగ్గరికి రాకు! అక్కడే ఆగు!" అని కేకలేసింది. పిల్ల నవ్వుతూ చెయ్యి చాపి, పొద్దుటి బన్ను ముక్క తల్లి నోట్లో పెట్టింది. ఆవిడ వద్దనలేదు. పెదవి మూల పొడి అంటింది. బండి కదిలింది. పిల్ల చిన్నదై, చుక్కై, పోయింది.

అంతవరకూ ఆపుకున్న ఏడుపు అప్పుడు మొదలైంది. ఏడుస్తూనే క్షవరం గదికి వెళ్లి కుర్చీలో కూర్చుంది. దీపం, నల్ల కిటికీ, ఎర్రటి కళ్లు, పెదవి మూల తెల్లటి పొడి. పొద్దున చూసింది చూసినట్టే. పిల్ల పోయిన తల్లి నోట్లో పంచదార ఎవరు పెడతారు అని తనకి తను చెప్పుకుంది. ఓదార్చేవాళ్లు కూడా నోట్లో ఏదో ఒకటి కుక్కుతారని వెంటనే గుర్తొచ్చింది. మొగుడు పోయినరోజు కుక్కారు. పొడి తుడుచుకోలేదు. ఇంటికి వెళ్లాక కూడా తుడుచుకోలేదు. తెల్లారి నగరంలో దిగితే ప్లాట్‌ఫారం మీద పిల్ల ఉంది, బుగ్గ మీద కొత్త సిరాతో.

అప్పట్నుంచి పిల్ల రోజూ పొద్దున వచ్చి చెయ్యి ఊపి ఆఫీసుకి పరిగెత్తేది. ఆవిడ రోజూ సాయంత్రం ప్రాణం అక్కడ వదిలేసి బండెక్కేది. అలా ఏళ్లు గడిచాయి. భయం పోలేదు, పాతబడింది. చెప్పుల్లా కాలికి అలవాటైంది.

చివరికి టై బండి ఆఖరి ప్రయాణం వచ్చింది. పొద్దున నగరానికి వెళ్లి అటునుంచి అటే షెడ్డుకి పోతుందని, తిరుగు బండి ఉండదని గోడలకి కాగితాలు అంటించారు. ఆరోజు కుర్చీలో కూర్చున్న ఒక్కడికీ అద్దంలో మొహం కనపడలేదు. కారణం తెలిసి కూడా ప్రతివాడూ కొంచెం ఎక్కువ గట్టిగా నవ్వాడు, దిగేటప్పుడు కమ్మీ పట్టుకుని దిగాడు. అందరూ అయ్యాక ఆవిడ కత్తి తుడిచి సంచిలో పెట్టి, తనూ కూర్చుంది. దీపం లేదు. షెడ్డు చీకట్లో కిటికీ కనపడలేదు. కుర్చీ ఒక్కటే ఉంది. తెలిసిందే అయినా మొగుడు కత్తి చేతికిచ్చిన పొద్దు గుర్తొచ్చింది.

గార్డు తలుపు దగ్గరికి వచ్చాడు. "చెల్లెమ్మా, సాయంత్రం మామూలు బండిలో మనవాళ్లందరికీ సీట్లు పెట్టించా. నీకూ ఒకటి..."

"వద్దన్నయ్యా," అంది ఆవిడ. "నేను ఈ ఊళ్లోనే దిగిపోతాను."

అద్దం మీద గుడ్డ కప్పలేదు. మొదటిసారి అలా వదిలేసి వచ్చింది. ప్లాట్‌ఫారం మీద పిల్ల ఉంది. దాని జుట్టులో కూడా ఒకటి రెండు తెల్లవెంట్రుకలు వచ్చాయి. ఆవిడ మెట్టు మీద ఆగిపోయింది. కింద ఆ సందు, నల్లగా, నోరు తెరుచుకుని ఉంది.

"భయమేస్తోందా అమ్మా?"

"వెయ్యకేం చేస్తుంది? మనుషుల్ని మింగే ఊరు." సంచి పిల్లకి అందించి, చెయ్యి చాపింది. "పట్టుకో. మరీ గట్టిగా పట్టుకోకు, విరుగుతుంది."